ఉన్నమాట అన్నందుకు మూడు వారాలుగా మాటల్లేవు

ఈసారి ఒక లెక్కల టీచరు ఉత్తరం తీసుకున్నాను. పేరు, ఊరు రాయవద్దన్నారు. ఆవిడకు 41 ఏళ్లు, పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక హైస్కూల్లో పనిచేస్తున్నారు. భర్తకు మందుల షాపు ఉంది. ఎనిమిదో తరగతి చదివే కూతురు, అత్తగారు, అంతా ఒకే ఇంట్లో ఉంటారు.

ఆవిడకు సినిమాలంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం. ఇంటర్‌లో మొదలుపెట్టిన నోటు పుస్తకం ఒకటి ఇప్పటికీ నడుస్తోంది. ఏ తేదీన, ఏ హాల్లో, ఎవరితో చూశారో రాసి, నచ్చినవీ నచ్చనివీ నాలుగైదు లైన్లు రాసి, చివర పదికి ఇన్ని అని మార్కులు వేస్తారు. ఈమధ్య టీవీలో, ఫోన్లో చూసే వెబ్ సిరీస్‌లు కూడా అందులో చేరాయి. "నేను విమర్శకురాలిని కాను. చూసింది మర్చిపోకూడదని రాసుకుంటాను, అంతే" అని రాశారు.

బావగారి అబ్బాయికి 24 ఏళ్లు. ఇంజనీరింగ్ అయ్యాక ఉద్యోగం వద్దని హైదరాబాద్ వెళ్లి డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో చేరాడు. మూడేళ్ల తర్వాత ఒక వెబ్ సిరీస్ టైటిల్స్‌లో మొదటిసారి పేరు పడింది. సిరీస్ ఏప్రిల్‌లో వచ్చింది. మే నెలలో బావగారింట్లో గృహప్రవేశం. భోజనాల దగ్గర, బంతిలో అందరూ కూర్చుని ఉండగా, బంధువుల్లో ఒక పెద్దాయన అడిగారు: "ఏమ్మా, మనవాడి సిరీస్ చూశావా? నువ్వు పుస్తకంలో మార్కులు వేస్తావటగా, ఎన్ని వేశావు?" ఈవిడ ఆలోచించకుండా, "మూడో ఎపిసోడ్ దగ్గర ఆపేశాను బాబాయిగారూ. బాగా సాగదీశారు. నాలుగు" అన్నారు. బంతిలో నవ్వారు. ఆ అబ్బాయి పెరుగు వేయించుకోకుండానే లేచి చెయ్యి కడుక్కున్నాడు.

అది జరిగి మూడు వారాలు. తోడికోడలు ఫోన్ ఎత్తడం లేదు. "నాలుగు సినిమాలు చూసి పెద్ద మేధావి అనుకుంటోంది" అన్నారని వేరేవాళ్ల ద్వారా తెలిసింది. భర్త వెంటనే వెళ్లి క్షమాపణ చెప్పమంటున్నారు. ఆయన కాలేజీ రోజుల నుంచి ఒక పెద్ద హీరోకి వీరాభిమాని. ఆ హీరో సినిమా గురించి ఈవిడ ఎప్పుడు ఏమన్నా, "నీకేం తెలుసు సినిమాల గురించి" అంటారు. ఇప్పుడు "నేను ముందు నుంచీ చెబుతూనే ఉన్నాను" అని మొదలుపెట్టారు. ఒకరోజు కూతురి ముందే అన్నారు. "అమ్మకి ఎందుకు తెలీదు నాన్నా?" అని ఆ అమ్మాయి అడిగితే జవాబు చెప్పకుండా షాపుకి వెళ్లిపోయారు.

ఉత్తరం మధ్యలో, కుండలీకరణాల్లో పెట్టిన వాక్యం ఒకటుంది: "మా అత్తగారయితే నేను గదిలోకి వస్తే సీరియల్ మార్చేసి వార్తలు పెడతారు, ఎప్పుడో ఒకసారి నవ్వానని."

ఆవిడ అడుగుతున్నవి ఇవి. క్షమాపణ చెబితే నేను అన్నది అబద్ధమని ఒప్పుకున్నట్టు కాదా? సినిమా తియ్యడం తెలియనివాళ్లకు అభిప్రాయం చెప్పే హక్కు లేదా? ఇక నుంచి ఎవరడిగినా "బాగుంది" అనేస్తే పోతుందా? మూడు వారాలుగా ఆ పుస్తకం తెరవలేదట.

టీచరుగారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆ అబ్బాయి బంతిలోంచి లేచిపోయిన చోట ఆగిపోయాను. రెండోసారి ఆ కుండలీకరణాల దగ్గర ఆగాను. అక్కడికి చివర్లో వస్తాను.

హక్కు సంగతి ముందు చూద్దాం. అందులో సందేహానికి చోటు లేదు. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో పరువునష్టం గురించి చెప్పే 499వ సెక్షన్‌కి కొన్ని మినహాయింపులు ఉండేవి. 2024 జూలై 1 నుంచి ఆ స్థానంలోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్ కూడా వాటిని అలాగే ఉంచింది. అందులో ఆరో మినహాయింపు మీ కోసమే రాసినట్టుంటుంది. ఒక మనిషి తన పనిని ప్రజల ముందు పెట్టాక, దాని బాగోగుల మీద సద్బుద్ధితో ఎవరు ఏ అభిప్రాయం చెప్పినా అది పరువునష్టం కాదు. పుస్తకం అచ్చువేసినవారు, సభలో ప్రసంగించినవారు, వేదికెక్కిన నటులు, గాయకులు, వీళ్లంతా తమ పనిని ప్రజల తీర్పుకు పెట్టినట్టేనని చట్టమే ఉదాహరణలిచ్చింది. అభిప్రాయం చెప్పేవాళ్లకు ఆ విద్య వచ్చి ఉండాలని ఎక్కడా లేదు. చూసినవాళ్లయితే చాలు.

అక్కడే ఇంకో ఉదాహరణ ఉంది. నాకు చాలా ఇష్టం అది. "ఈ పుస్తకం తెలివితక్కువగా ఉంది, రాసినవాడు బలహీనుడై ఉండాలి" అని ఒకరన్నారనుకోండి. సద్బుద్ధితో అంటే చెల్లుతుంది, ఎందుకంటే ఆ మాట పుస్తకంలోంచి వచ్చింది. అదే "వాడు ఎలాగూ బలహీనుడే, వాడి పుస్తకం ఇలా ఉండటంలో వింతేముంది" అంటే చెల్లదు. ఇక్కడ ముందు మనిషి మీద తీర్పు వచ్చింది, పుస్తకం ఊరికే సాకు. నూట అరవై ఏళ్ల కిందట ఇంత సున్నితమైన గీత గీశారంటే ఆశ్చర్యంగా ఉంటుంది. మీరు అన్న "సాగదీశారు" ఆ గీతకు ఇవతలే ఉంది. మీ తోడికోడలు అన్న "మేధావి అనుకుంటోంది" అవతల ఉంది. మీవారి "నీకేం తెలుసు" కూడా అవతలే ఉంది, అది సినిమా గురించి అన్న మాట కాదు కాబట్టి.

కాబట్టి మీ అభిప్రాయానికి క్షమాపణ అక్కర్లేదు. కానీ మీరు ఆ రోజు ఇచ్చింది అభిప్రాయం ఒక్కటేనా అని కూడా అడగాలి.

మీ ఉత్తరంలోనే ఒక సంగతి రాశారు, బహుశా యథాలాపంగా. ఆ సిరీస్ మీరు ఏప్రిల్‌లో స్పాట్ వాల్యుయేషన్ జరిగే రోజుల్లో చూశారు. పగలంతా పదో తరగతి పేపర్లు దిద్ది, బస్సులో ఇంటికొచ్చి, వంటయ్యాక, రాత్రి పదకొండింటికి మంచం మీద ఫోన్లో. రెండో ఎపిసోడ్ మధ్యలో కునుకు పట్టి మళ్లీ వెనక్కి తిప్పానని మీరే రాశారు. అంత అలసటలో సాగదీసినట్టు అనిపించడం నిజమే. అది సిరీస్ సాగడం వల్లా, మీరు అలిసిపోవడం వల్లా అన్నది మూడు ఎపిసోడ్లతో తేలదు. లెక్కలో నాలుగు మార్కుల జవాబు ఈ రోజు దిద్దినా వచ్చే వారం దిద్దినా నాలుగే. సినిమా విషయంలో దిద్దేవాళ్ల ఒళ్లు, మనసు, వయసు కూడా మార్కుల్లోకి వచ్చేస్తాయి.

2010లో వచ్చిన 'ఖలేజా', 'ఆరెంజ్' గుర్తున్నాయా? రెండూ అప్పుడు ఆడలేదు. తర్వాత టీవీలో ఖలేజా వచ్చినప్పుడల్లా ఇళ్లలో అందరూ కూర్చుని చూశారు. ఆరెంజ్ 2023లో, ఖలేజా 2025లో మళ్లీ విడుదలైతే హాళ్లు నిండాయి. సినిమాలు అవే. 2010లో ఆరెంజ్ చూసి "ఇదేం ప్రేమ, జీవితాంతం ఉండదట" అని విసుక్కున్నవాళ్లలో కొందరికి ఈ పదమూడేళ్లలో ప్రేమ గురించి వేరే సంగతులు తెలిశాయి, అప్పటికి పుట్టీ పుట్టని పిల్లలు పెద్దవాళ్లయి వచ్చారు. అలాగని మొదట నచ్చలేదన్నవాళ్లు అబద్ధం చెప్పారా? లేదు. ఆ రోజుకు వాళ్లకు నచ్చలేదు. మీ పుస్తకంలో తేదీ ఎందుకు వేస్తున్నారో మీకే తెలియకుండా మీరు సరైన పని చేస్తూ వచ్చారు. ఇంటర్‌లో మీరు తొమ్మిది వేసిన సినిమా ఏదో ఒకటి తీసి మళ్లీ చూడండి.

ఇప్పుడు ఆ అబ్బాయి. మీరు బాధపడుతున్నారని తెలుస్తోంది, అయినా కొంచెం వివరంగా చెప్పాలి.

డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరిన కుర్రాడి పని మనకు తెర మీద కనపడదు. క్లాప్ కొట్టాలి. ముందు షాట్‌లో హీరోయిన్ జడ కుడి భుజం మీద ఉంటే తర్వాతి షాట్‌లోనూ అక్కడే ఉందో లేదో చూడాలి, దాన్నే కంటిన్యూటీ అంటారు. తెల్లవారుజామున ఆర్టిస్టులకు ఫోన్లు చెయ్యాలి, వెనకాల నడిచే జూనియర్ ఆర్టిస్టులను ఎటు నుంచి ఎటు పంపాలో చూసుకోవాలి, డైలాగ్ పేపర్లు అందించాలి. కథ ఎన్ని ఎపిసోడ్లు ఉండాలో, ఏ సీను ఎంతసేపు ఉండాలో నిర్ణయించేవాళ్లు వేరు. రచయితలు, దర్శకుడు, ఎడిటర్, డబ్బు పెట్టిన సంస్థ. మీరు "సాగదీశారు" అన్న తప్పు, అది తప్పే అయితే, ఆ అబ్బాయి చేతిలో లేదు. బంతిలో నవ్వు మాత్రం అతని మీదే పడింది. ఇంజనీరింగ్ చదివి ఇదేం పని అని మూడేళ్లుగా ఆ బంధువులే అడుగుతూ ఉండి ఉంటారు. పేరు పడింది కదా, ఇక అడగరని అనుకుని ఆ రోజు కూర్చున్నాడు. మీరు నాలుగు అన్నారు.

మీరు దురుద్దేశంతో అనలేదు. ఆ పెద్దాయన అడిగిన తీరులోనే వేడుక ఉంది. ఆయన మీ అభిప్రాయం కోసం అడగలేదు, నలుగురు నవ్వుకోవడానికి ఒక మాట కోసం అడిగారు. మీరు నిజాయితీగా జవాబిచ్చారు.

ఇక్కడి నుంచి మీ ముందు మూడు దారులున్నాయి.

ఒకటి, మీవారు చెప్పినట్టు వెళ్లి "నేను అలా అనకుండా ఉండాల్సింది, సిరీస్ బాగానే ఉంది" అనడం. తోడికోడలు ఫోన్ ఎత్తుతారు, ఇంట్లో గొడవ సద్దుమణుగుతుంది. కానీ ఆ అబ్బాయికి అది అబద్ధమని తెలుస్తుంది. సినిమాల్లో ఉండేవాళ్లకు మొహమాటపు పొగడ్త వాసన చాలా తొందరగా తెలుస్తుంది. రేపు అతను నిజంగా మంచి పని చేసినప్పుడు మీరు "అద్భుతంరా" అంటే నమ్మడు. పిన్ని పుస్తకంలో తొమ్మిది పడితే దానికి ఉండే విలువ మీరే పోగొట్టుకుంటారు.

రెండోది, ఏమీ చెయ్యకుండా ఊరుకోవడం. "అడిగితే చెప్పాను, నా తప్పేముంది" అని కూర్చోవడం. మీ మాట ప్రకారం మీరు నిలబడ్డట్టే. కానీ ఉమ్మడి కుటుంబాల్లో మూడు వారాల మౌనం మూడు నెలలు కావడానికి ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు. దసరాకి పిలుపు రాకపోతే అప్పుడు సిరీస్ సంగతి ఎవరికీ గుర్తుండదు, పిలవలేదన్నదే మిగులుతుంది.

మూడోది నాకు మేలనిపిస్తోంది, అయినా నిర్ణయం మీదే. ముందు మిగతా ఎపిసోడ్లు చూడండి. సెలవుల్లో, పగటిపూట, టీవీలో, ఫోన్ పక్కన పెట్టి. తర్వాత ఆ అబ్బాయికే ఫోన్ చెయ్యండి. మీవారి ద్వారా కాదు, తోడికోడలి ద్వారా కాదు. నలుగురిలో అన్నందుకు క్షమాపణ అడగండి: "నువ్వు తినే కంచం ముందు, అందరిలో, అలా అని ఉండకూడదురా. పూర్తిగా చూడకుండా మార్కులు చెప్పాను, అది ఇంకా తప్పు." ఇందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు. ఆ తర్వాత అడగండి, "నువ్వు ఏ సీన్లకు పనిచేశావో చెప్పు, అవి మళ్లీ చూస్తాను" అని. అతను చెప్పేది వినండి. వర్షం సీను ఎన్ని రాత్రులు తీశారో, ఏ సీను ఎడిటింగ్‌లో పోయిందో చెబుతాడేమో. అంతా చూశాక కూడా మీకు సాగినట్టే అనిపిస్తే, అతను అడిగితే, ఏ సీన్ల దగ్గర అనిపించిందో చెప్పండి. "నాలుగు" అన్న అంకె అతనికి ఎందుకూ పనికిరాదు. "మూడో ఎపిసోడ్‌లో ఆ ఆస్పత్రి సీను రెండుసార్లు వచ్చినట్టనిపించింది" అన్న మాట పనికొస్తుంది. ఎవరో విమర్శకుడు కాకుండా, రాత్రి అలిసిపోయి ఇంటికొచ్చి ఫోన్ తెరిచే ఒక మనిషి ఎక్కడ ఆపేసిందో తెలుసుకోవడం ఆ రంగంలో ఉన్నవాళ్లకు చాలా అవసరం.

అతను వెంటనే కరిగిపోతాడని చెప్పలేను. 24 ఏళ్ల వయసులో అందరి ముందు తగిలిన దెబ్బ మానడానికి టైమ్ పడుతుంది. ఫోన్ ఎత్తకపోతే ఇదే సంగతి రెండు లైన్లు మెసేజ్ పెట్టి ఊరుకోండి, వెంటపడకండి. తోడికోడలు అన్న మాటలు మీకు వేరేవాళ్ల ద్వారా వచ్చాయి కాబట్టి వాటికి జవాబు ఇవ్వాల్సిన పని లేదు. కొడుకు బంతిలోంచి లేచిపోవడం చూసిన తల్లి ఆవిడ.

ఇక "బాగుంది" అనేస్తే పోతుందా అన్నారు. కొన్నిసార్లు పోతుంది. పెళ్లిలో, ఫంక్షన్‌లో, ప్రయాణంలో ఎవరో ఊసుపోక అడిగితే "కాలక్షేపం అయిందండీ" అనడంలో పాపం లేదు. కానీ అదే అలవాటైతే, రెండేళ్ల తర్వాత మీకు నిజంగా ఏది నచ్చిందో మీకే తెలియకుండా పోతుంది. అది నేను చూశాను. మా స్నేహితురాలు ఒకరు ఆఫీసులో అందరికీ నచ్చిన సిరీస్‌లన్నీ తనకూ నచ్చాయని చెప్పీ చెప్పీ, ఒకరోజు "అసలు నాకేం ఇష్టమో గుర్తు రావడం లేదు" అంది. నలుగురిలో మాట తప్పించుకోవడానికి అబద్ధమే అక్కర్లేదు. "ఇంకా పూర్తి చెయ్యలేదు, అయ్యాక వాడితోనే మాట్లాడతాను" అంటే ఆ పెద్దాయనకు నవ్వు దొరకదు, మీ నిజం మీ దగ్గరే ఉంటుంది.

మీవారి సంగతికి వద్దాం. "నీకేం తెలుసు" అన్నదానికి జవాబుగా మీరు ఉత్తరంలో మీకు తెలిసినవన్నీ రాశారు, ఏ దర్శకుడు ఏ ఏడాది ఏం తీశాడో. అవి చెప్పి గెలవాలనుకోకండి. ఆయనకు అంతకంటే ఎక్కువ గుర్తుంటాయి, అభిమానులకు కలెక్షన్లతో సహా నోటికొస్తాయి. తెలియడం అంటే అదొక్కటే కాదు. 2023లో 'బలగం' వచ్చినప్పుడు తెలంగాణలో ఎన్నో ఊళ్లలో జనం వీధిలో తెర కట్టుకుని అంతా కలిసి చూశారు. చావు ఇంట్లో కాకి పిండం ముట్టకపోతే ఆ ఇంటివాళ్ల గుండె ఎలా కొట్టుకుంటుందో వాళ్లకు తెలుసు. ఎప్పుడో మాటలు మానేసిన అన్నదమ్ములు, ఆడబిడ్డలు గుర్తొచ్చి ఏడ్చారు. ఆ సినిమా నిజానికి దగ్గరగా ఉందా లేదా చెప్పడానికి వాళ్ల కంటే అర్హులు ఎవరు? మీకు కూడా అలాంటి చోట్లు ఉన్నాయి. పదిహేడేళ్లుగా పాఠం చెబుతున్నారు. తెర మీద క్లాసురూమ్ సీను వస్తే అందులో పిల్లలు పిల్లల్లా కూర్చున్నారో, బోర్డు మీద రాసింది అర్థమై రాశారో లేదో మీకు తెలిసినట్టు మీవారికి తెలియదు. ఆయనకు మందుల షాపు సీను మీకంటే బాగా తెలుస్తుంది. ఒకసారి అడిగి చూడండి, సినిమాల్లో చీటీ లేకుండా నిద్రమాత్రల డబ్బా ఇచ్చేస్తుంటే ఆయనకు ఏమనిపిస్తుందో. ఆయన హీరో గురించి కాకుండా ఆయనకు తెలిసిన దాని గురించి మొదలైన సంభాషణ వేరేగా నడుస్తుంది.

అభిమానాన్ని చులకన చేయను. బెనిఫిట్ షోకి అర్ధరాత్రి క్యూలో నిలబడ్డ స్నేహితులు, చొక్కాలు చిరిగిన ఆ వయసు, అప్పుడు జేబులో ఉన్న ఇరవై రూపాయలు, ఇవన్నీ ఆ హీరో మొహంలో ఆయనకు కనిపిస్తుంటాయి. మీరు "ఈ సినిమాలో సెకండాఫ్ పడిపోయింది" అంటే ఆయనకు వినపడేది వేరు. ఆయన పాత టికెట్లు డబ్బాలో దాచుకున్నారని రాశారు. మీరు పుస్తకం దాచుకున్నారు. ఇద్దరూ ఒకే పని చేస్తున్నారని ఆయనకు ఎవరైనా చెప్పారా? ఏదో ఒక ఆదివారం ఆ డబ్బా, ఈ పుస్తకం ఒకేచోట పెట్టి, ఒకే సినిమా రెండింట్లోనూ ఉందేమో వెతకండి.

కానీ కూతురి ముందు అన్న మాటను అభిమానం కింద కొట్టెయ్యలేం. పదమూడేళ్ల పిల్ల "అమ్మకి ఎందుకు తెలీదు" అని అడిగింది. తండ్రి జవాబు చెప్పలేదు కాబట్టి ఆ పిల్ల తనకు తోచిన జవాబు పెట్టుకుంటుంది. ఇది మీరు ఆయనతో ఒంటరిగా, కోపం లేని రోజున, సినిమా ప్రస్తావన లేకుండా చెప్పాలి: "నా అభిప్రాయం తప్పనండి, ఎందుకు తప్పో చెప్పండి. నాకేం తెలియదని మాత్రం పిల్ల ముందు అనకండి." ఊరుకుంటే ఇంట్లో శాంతి ఉంటుంది, ఆ పిల్ల రేపు తనకు ఏదైనా నచ్చలేదని చెప్పే ముందు నాన్న మొహం చూస్తుంది. ఇంకో సంగతి మీరే పరిశీలించుకోండి. డబ్బు విషయంలో, మీ ఉద్యోగం విషయంలో, పుట్టింటి విషయంలో కూడా ఆయన ఇలాగే "నీకేం తెలుసు" అంటారా? సినిమాల దగ్గర ఒక్కచోటే అయితే పైన చెప్పినట్టు మాట్లాడుకుంటే సర్దుకుంటుంది. అన్నిచోట్లా అదే మాట అయితే, ఈ సిరీస్ గొడవ దానికి ఒక చిన్న ముక్క మాత్రమే. అప్పుడు మళ్లీ రాయండి, వేరేగా మాట్లాడుకుందాం.

ఇప్పుడు ఆ కుండలీకరణాలు.

మీ అత్తగారు సీరియల్ చూస్తుంటే మీరు ఒకసారి నవ్వారు. ఎప్పుడో, ఏ సందర్భమో కూడా రాయలేదు, ఒక్క వాక్యంలో దాటేశారు. ఆవిడ మాత్రం దాటలేదు. తన ఇంట్లో, తన టీవీ ముందు, కోడలి అడుగుల చప్పుడు వినగానే రిమోట్ నొక్కుతున్నారు. మీవారు మిమ్మల్ని చేసినట్టే, మీకు తెలియకుండా, మీరు ఆవిడని చేశారు. మాట కూడా అక్కర్లేకపోయింది, నవ్వు చాలింది. ఇది మిమ్మల్ని నొప్పించడానికి రాయడం లేదు. మీ ఉత్తరం మొత్తంలో పూర్తిగా మీ చేతుల్లో ఉన్నది ఇదొక్కటే కాబట్టి రాస్తున్నాను.

నాట్యశాస్త్రంలో భరతుడు నటుల గురించి చెప్పినట్టే చూసేవాళ్ల గురించీ చెప్పాడు. ప్రేక్షకుడికి ఉండాల్సిన గుణాలు పెద్ద వరసే చెప్పి, ఇవన్నీ ఒక్కరిలోనే ఉండవని తనే ఒప్పుకున్నాడు. పడుచువాళ్లకు ప్రేమ కథలు, డబ్బు మీద ధ్యాస ఉన్నవాళ్లకు డబ్బు సంగతులు, శూరులకు యుద్ధాలు, ముసలివాళ్లకు పురాణాలు, ధర్మ కథలు నచ్చుతాయన్నాడు. ఇందులో ఎవరినీ తక్కువ చెయ్యలేదు. తెర మీద, కాదు, అప్పటికి రంగస్థలం మీద, సంతోషం కనపడితే సంతోషించేవాడు, శోకం కనపడితే శోకించేవాడు, దైన్యం కనపడితే తానూ దీనుడైపోయేవాడు ప్రేక్షకుడు అన్నాడు. మీ అత్తగారు సీరియల్లో కోడలు ఏడిస్తే కొంగుతో కళ్లు తుడుచుకుంటారని మీరే రాశారు. భరతుడి లెక్కలో మీ ఇంట్లో అసలైన ప్రేక్షకురాలు ఆవిడే.

సీరియల్ సాగుతుందని మీ అభ్యంతరం. సాగుతుంది. అరగంట స్లాట్‌లో ప్రకటనలు పోగా మిగిలేది ఇరవై నిమిషాల పైచిలుకు, వారానికి ఐదారు రోజులు, ఏళ్ల తరబడి. 'మొగలిరేకులు' 2008 నుంచి 2013 దాకా నడిచింది. 'కార్తీక దీపం' 2017లో మొదలై 2023 జనవరిలో ముగిసి, మరుసటి ఏడాదే రెండోది మొదలైంది. అది చూసేవాళ్లు కుర్చీలో కదలకుండా కూర్చోరు. పొయ్యి మీద పాలు చూస్తూ, బియ్యం ఏరుతూ, మధ్యలో గుమ్మం దాకా వెళ్లొస్తూ చూస్తారు. అందుకే మాటలు చెవిన పడితే చాలు కథ అర్థమయ్యేలా రాస్తారు, ఒకరి మాటకు గదిలో ఉన్న అందరి మొహాలూ చూపిస్తారు, నిన్న చూడనివాళ్ల కోసం నిన్నటి సంగతి మళ్లీ చెబుతారు. సినిమా కొలత పెట్టి చూస్తే అది లోపం. ఇంటి పనుల మధ్య తోడుండే కథగా చూస్తే అదొక పద్ధతి. నచ్చకపోవచ్చు మీకు. నాకూ చాలావరకు నచ్చవు, ఆడవాళ్లను ఆడవాళ్లే విషం పెట్టి చంపాలని చూసే కథలు చూస్తే బాధేస్తుంది, ఆ మాట ఎక్కడైనా చెబుతాను. అయినా కార్తీక దీపంలో నల్లగా ఉందని అవమానాలు పడ్డ వంటలక్క కోసం అన్ని లక్షల మంది అన్నేళ్లు ఎదురుచూశారంటే, అందులో ఎవరి బాధో వాళ్లకు కనపడి ఉంటుంది. మీ అత్తగారు కూడా ఒకప్పుడు కోడలే కదా. ఆవిడ కళ్లు తుడుచుకునేది ఏ కోడలి కోసమో మీరు ఎప్పుడైనా అడిగారా?

అలా అడగడానికి దారి ఆ సీరియలే. క్షమించమని పెద్దగా చెప్పక్కర్లేదు, ఆవిడ ఇంకా కంగారుపడతారు. సాయంత్రం చిక్కుడుకాయలో, గోరుచిక్కుళ్లో పళ్లెంలో పోసుకుని వెళ్లి ఆవిడ పక్కన కూర్చోండి. "ఆ ఎర్ర చీర ఆవిడ ఎవరు అత్తయ్యా?" అని అడగండి. తెలుసుకోవాలనే అడగండి. మొదటి రోజు ఆవిడ వార్తలే పెట్టి ఉంచుతారు. రెండో రోజు కూడా అంతే కావచ్చు. మీరు కాయలు గిల్లుతూ కూర్చోండి. సీరియల్ పెట్టిన రోజున, రాత్రి ఆ పుస్తకం తెరిచి తేదీ వెయ్యండి. ఎవరితో చూశారో రాయండి. మార్కుల గడి ఆ రోజుకు ఖాళీగా వదిలెయ్యండి.